రెండు రేవుల మాటలు, ఒక పేరు

మా నాన్న ఓడలో ఇంజిన్ గది మనిషి. మా వాళ్ళంతా చెరకు చేలు పట్టుకుని ఉంటే ఆయనొక్కడే రేవు దారి పట్టాడు. పంచదార నింపుకున్న ఓడ దక్షిణాఫ్రికా రేవులకూ, అక్కణ్ణించి యూరప్‌కూ వెళ్ళేది. నెలల తరబడి ఆయన కనిపించేవాడు కాదు. మా దీవిలో, మాంటాన్ బ్లాంష్ అనే ఊళ్ళో ఉన్న మా రేకుల ఇంటికి తిరిగొచ్చినప్పుడు సంచిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. రెండు భాషలు మాత్రం మోసుకొచ్చేవాడు.

ఒకటి ఖోసా. ఈస్ట్ లండన్ అనే దక్షిణాఫ్రికా రేవులో బస్తాలు మోసే ఒకాయన దగ్గర నేర్చుకున్నాడు. అక్కడ కూర్చునే బల్లలన్నీ తెల్లవాళ్ళకే కనుక ఇద్దరూ ఒకే గోదాము మెట్టు మీద కూర్చునేవారట. స్నేహం అలా కలిసింది. రెండోది స్పానిష్. అది ఇంజిన్ గదిలో పక్కనే పనిచేసే స్పెయిన్ దేశస్థుడు నేర్పింది.

ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం నాన్నకు మహా సరదా. నేను బడి నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. పాలు స్పానిష్‌లో లేచే, ఖోసాలో ఉబీసి. నిప్పు ఇక్కడ ఫ్వేగో, అక్కడ ఉమ్లీలో. "చూశావా పాపా, రెండూ చివర నోరు తెరిచే ఆగుతాయి, మన తెలుగులాగే," అనేవాడు. గుడి పక్కన సాయంత్రం బడిలో పంతులుగారు నేర్పే తెలుగే నాకు తెలిసిన తెలుగు. ఇంట్లో మాటలు ముప్పాతిక మా దీవి భాష క్రియోలే. అయినా తెలిసినట్టు తలూపేదాన్ని.

ఖోసాలో నాలుకతో కొట్టే టిక్కులున్నాయి. ఒకటి మనం జాలిపడి చప్పరించినట్టుంటుంది. ఇంకొకటి ఎడ్లను అదిలించినట్టు దవడ పక్కనుంచి వస్తుంది. నేను పలకబోతే నాన్న పడీపడీ నవ్వేవాడు. స్పానిష్ వాకిట్లో మాట్లాడే భాష, ఖోసా లోపలి గదిలో మాట్లాడే భాష అని ఆయన లెక్క. స్పానిష్ పలికేవాడి పెదవులు చూస్తే సగం తెలిసిపోతుంది. ఖోసా టిక్కు నోటి లోపలెక్కడో పుడుతుంది, బయటికి కనిపించదు. ఆయన ఊరికే సరదాకి చెప్పిన తేడా అది. తర్వాత మాకది సరదా కాకుండా పోయింది.

అమ్మకు ఈ టిక్కులంటే చిరాకు. "పిల్ల నోరు పాడుచెయ్యకండి," అని బియ్యం ఏరుకుంటూ విసుక్కునేది. ఓ రోజు మాత్రం నాన్న చెప్పిన సంగతికి చేట పక్కన పెట్టి మరీ వింది. ఖోసావాళ్ళలో కోడలు మామగారి పేరు ఎత్తకూడదట. పేరే కాదు, పేరులోని చప్పుడు ఇంకో మాటలో వచ్చినా ఆ మాట మానేసి, దాని బదులు వేరే మాట పెట్టుకుంటుందట. అలా ఆడవాళ్ళకు సొంతంగా బోలెడు మాటలు తయారయ్యాయట.

"అయితే వాళ్ళు మనవాళ్ళే," అంది అమ్మ తృప్తిగా.

స్పెయిన్‌లో అలాంటిదేం లేదు. ఓసారి ఓడ ఆ స్నేహితుడి ఊరి రేవులో ఆగితే, అతని భార్య గట్టు మీద నిలబడి మొగుణ్ణి పేరు పెట్టి గొంతు చించుకుని పిలిచిందట. "మసి మొహాలతో అంతమందిమి దిగాం. వాడొక్కడే ఆ పూట మనిషయ్యాడు," అన్నాడు నాన్న. అమ్మ చెంగుతో నోరు మూసుకుంది.

అప్పుడే అడిగాడు. "నువ్వూ పిలవవూ. ఒక్కసారి."

"మో పా కపవ్," అంది అమ్మ. నా వల్ల కాదని. మొగుడి పేరు చెబితే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ ఆమెకు చిన్నప్పుడే నూరిపోసింది. గుడిలో అర్చనకు పూజారి ఇంటి యజమాని పేరు అడిగితే అమ్మ నా వీపు మీద పొడిచేది, నేను చెప్పేదాన్ని. నాన్నతో పనిపడితే "ఏమండీ" అనేది, లేదంటే నన్ను పిలిచేది.

ఇంటికొచ్చినప్పుడల్లా నాన్న అడిగేవాడు. నవ్వుతూనే అడిగినా అది నవ్వులాట కాదని నాకు పెద్దవుతున్నకొద్దీ తెలిసింది. ఇంజిన్ రొదలో పేర్లుండవు, చేతి సైగలే. రేవుల్లో ఆయన వట్టి కూలీ. పేరు పెట్టిన తల్లిదండ్రులు పోయారు. ఆ పేరు పెట్టి పిలిచే మనిషి ఇక మిగల్లేదు. అమ్మ నోట ఒక్కసారి వినాలని ఆయన కోరిక. ఇంత చిన్న కోరికకు అడ్డంపడిన ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మ మీద కాదు.

ఇంజిన్లు ఆయన చెవులు తినేశాయి. మొదట స్పానిష్‌లో 'స'లు వినిపించడం లేదన్నాడు. తర్వాత ఖోసా టిక్కులు పోయాయి. ఒకసారి నేను ఎదురుగా కూర్చుని నాలుక కొట్టి చూపిస్తే, నా నోట్లోకి చూస్తూ ఉండిపోయాడు.

"కొట్టావా?" అన్నాడు.

తలూపాను. ఆయన తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. నేను కుళాయి దగ్గరికి పోయి ఏడ్చాను. ఓడవాళ్ళు ఆయన్ని ఇంటికి పంపేశారు. వినికిడి ఇక రాదని పట్నం డాక్టరు తేల్చేశాడు. అప్పట్నుంచి మా పెదవులు చూస్తేనే ఆయనకు మాట తెలిసేది.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఊళ్ళో సగంమంది జెండా చూడ్డానికి రాజధాని పోర్ట్ లూయీ వెళ్ళారు. మిగిలినవాళ్ళు కొట్టు దగ్గర రేడియో చుట్టూ చేరారు. మేం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. భోజనం అయ్యాక నాన్న అమ్మ వైపు చూసి, "ఈవేళ అందరికీ అడిగింది ఇచ్చేస్తున్నారట. మరి నా సంగతి?" అన్నాడు. చెవులు పోయాక ఆయన గొంతు కాస్త పెద్దదైంది.

ఈసారి అమ్మ కాదనలేదు. వచ్చి ఎదురుగా కూర్చుని నోటికి అడ్డంగా ఉన్న చెంగు తీసేసింది. నాన్న ముందుకు వంగాడు. ఆయన పేరు మొదలుపెట్టాలంటే పెదవులు కలవాలి. అమ్మ పెదవులు కలిశాయి, అక్కడే ఉండిపోయాయి. కళ్ళ నీళ్ళు కారిపోయాయి, మాట మాత్రం రాలేదు. మొహం తిప్పేసుకుంది. నాన్న కాసేపు చూసి ఆమె మోకాలి మీద తట్టి, "పోన్లే," అన్నాడు. పెరట్లోకి వెళ్ళి మాకు వీపు పెట్టి, ఆకుకూర మడిలో కలుపు తీస్తూ కూర్చున్నాడు.

అమ్మ వెనక గుమ్మంలో నిలబడి పిలిచింది. పేరు పెట్టి, పూర్తిగా. నాకు ఊహ తెలిశాక ఆమె గొంతులో ఆ పేరు వినడం అదే మొదలు. పక్కింటి ముసలమ్మ కంచె మీంచి తొంగిచూసింది. అమ్మ సిగ్గుపడలేదు. మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా. నాన్న ఓ మొక్క పీకి పక్కన పెట్టాడు.

నేను పరుగెత్తి ఆయన భుజం తట్టబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దమ్మా," అంది. "ఆయన ఇటు చూస్తే నాకు మాట రాదు."

ఆ వీపుకేసి చూస్తూ చాలాసేపు పిలిచింది.

సాయంత్రం నేను నాన్న ఎదుట కూర్చుని, పెదవులు బాగా కదుపుతూ, అమ్మ నిన్ను పేరు పెట్టి పిలిచింది, నేను విన్నాను అని చెప్పాను. ఆయన అమ్మ వైపు చూశాడు. ఆమె చెంగు నోటికి అడ్డంపెట్టుకుని తల దించుకుంది. నాన్న నా చెంప నిమిరాడు.

"నా కోసం అబద్ధాలాడకు పాపా," అన్నాడు.

ఆ ఏడు చెరకు కోతలు మొదలవకముందే నాన్న పోయాడు. ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు, నమ్మకుండానే పోయాడు.