మూడు ఊళ్ల దోశ హక్కు

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదాన్ని నాలుగింతలు చేసి చెప్పడం నా జబ్బు. కోర్టులో అదుపులో పెట్టుకుంటాను కాబట్టి, కాగితం మీద బయటికొస్తుంది.

రెండేళ్ల కిందట, వనపర్తిలో కాకులు కూడా గొడుగు అడిగే ఎండలో, గద్వాల నుంచి సుజాతమ్మ నా ఆఫీసుకు వచ్చింది. ఒక చేతిలో గుడ్డసంచి, మరో చేతిలో అగ్రిమెంటు. అగ్రిమెంటును బల్ల మీద పెడితే బల్ల మూలిగింది. సంచిని మాత్రం నా టీ గ్లాసు ఉన్న స్టూలు మీద పెట్టమన్నాను.

అది డెవలప్‌మెంట్ అగ్రిమెంట్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో తన పేరుతో హోటళ్లు తెరిచే హక్కును ఒక దోశల కంపెనీ ఆమె భర్త నర్సింహులుకు ఇచ్చింది. గద్వాలలో మొదటిది అప్పటికి నాలుగేళ్లుగా నడుస్తోంది. హక్కుదారు స్వయంగా, పూర్తికాలం హోటల్ పనిలోనే ఉండాలన్నది షరతు. నర్సింహులేమో చీరలు నేసే ఇంటి మనిషి.

"మా ఆయన మల్ల మగ్గం గుంతల దిగిండు వకీలు సాబ్. గల్లాపెట్టె కాడ కూసుంటే చేతులు గుంజుతున్నయంట. కంపెనీవోళ్లకు తెలిసిపోయింది. నెల లోపల హక్కు ఎవరికన్న మార్చకుంటే రద్దు జేస్తమంటున్నరు. నా పేరు మీదికి మార్చుండ్రి."

ట్రాన్స్‌ఫర్‌కు కంపెనీ కన్సెంట్, అంటే రాతపూర్వకమైన అంగీకారం కావాలి. తీసుకునేవారికి హోటల్ నడిపిన అనుభవం మూడేళ్లుండాలి. ఫోన్ చేస్తే కంపెనీ మేనేజరు మర్యాదగానే అన్నాడు: "మా రికార్డుల్లో ఆవిడ పేరే లేదు సార్. హౌస్‌వైఫ్ కదా?"

స్పీకర్‌లో విన్న సుజాతమ్మ గొంతు జూరాల డ్యామ్ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు దూకింది. "నాలుగేండ్ల సంది పొద్దుగాల ఐదింటికి చట్నీ రుబ్బేది ఎవరంట, దయ్యమా? జర వచ్చి చూడుమను!"

నర్సింహులును పిలిపించి, మీకేమైనా అభ్యంతరమా అని అడిగాను.

"నాదేముంది సార్. సంతకం నాది, హోటలు ఆమెది. నన్ను ఇడిసిపెడితే సాలు."

ఇక నేను తిండి మాని, రెండు జతల కళ్లద్దాలు అరగదీసి, ఆ అగ్రిమెంటును పదకొండు రోజులు చదివి, చివరికి కిచెన్ ఆడిట్ షీట్ల జాడ పట్టాను. ఫ్రిజ్ చల్లదనం, నూనె రంగు చూసి కంపెనీ మనిషి ప్రతి నెలా రాసే తనిఖీ కాగితాలవి. అడుగున 'ఇన్‌చార్జ్' అన్నచోట సంతకం. నలభై ఎనిమిది నెలలు, నలభై ఎనిమిది కాగితాలు, అన్నిటి మీదా సుజాతమ్మ సంతకమే. కంపెనీ మనిషే ఎదురుగా నిలబడి చేయించుకున్నవి! నకళ్లు పంపిన వారానికి కన్సెంట్ వచ్చింది. ఇప్పుడు వనపర్తిలోనూ ఆమె పెనం కాలుతోంది. నాగర్‌కర్నూలులో షట్టర్‌కు రంగు వేస్తున్నారు.

మరి కల్పించిందేమిటి? బల్ల మూలుగు, జూరాల గేట్లు అనుకుంటారు. అవి కాస్త అటూ ఇటుగా నిజమే. అబద్ధమల్లా నేను జాడ పట్టానన్నది. పదకొండో రోజున నేను చేతులెత్తేస్తే ఆమె అంది:

"మొదటి రోజు తెచ్చిన సంచి మీ స్టూలు మీదనే ఉంది. దాన్ని జర ఇప్పి చూడుండ్రి సార్."

నలభై ఎనిమిది కాగితాలూ నెలల వరుసలో అందులోనే ఉన్నాయి. సంచి మీద నా టీ గ్లాసు మరకలు పదకొండు. అప్పటి నుంచి ఎవరొచ్చినా అగ్రిమెంటు తరువాత చూస్తాను, ముందు సంచి విప్పమంటాను.