రాణివేషం

లండన్ పక్క క్రోయిడన్‌లో మా ఫ్లాట్ దగ్గర పాత పటాలూ అచ్చుబొమ్మలూ అమ్మే షాపు ఒకటుంది. హైదరాబాద్ నుంచి నన్ను చూడడానికొచ్చిన అమ్మని, వాన తగ్గేదాకా అందులో నిలబడదామని తీసుకెళ్లాను. నేను మేనేజర్ మెసేజ్‌కి మండిపడుతూ జవాబు కొడుతుంటే అమ్మ ఒక ఫ్రేమ్ ముందు ఆగిపోయింది.

"ఎవరే ఈవిడ?"

బొమ్మ కింద ఫ్రెంచ్ అక్షరాలకి ఫోన్ చూపిస్తే అర్థం చెప్పింది. స్టేజి నటి, రాణి వేషంలో. పందొమ్మిదో శతాబ్దం నాటిదనీ, రాతి మీద గీసి కాగితం మీద అచ్చు తీస్తారనీ షాపు పెద్దాయన చెప్పాడు. నెత్తిన కిరీటం, ఒక చెయ్యి గుండె మీద, ఇంకో చెయ్యి గాల్లోకి.

"అచ్చం మా అమ్మే! పద్యం ఎత్తుకునే ముందు ఇట్టాగే నిలబడేది. జనం వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని ఒకటే గోల. మళ్లీ మొదట్నుంచీ పాడేది."

అమ్మమ్మ తెనాలి వైపు నాటకాల్లో వేషాలు కట్టేదని నాకు తెలిసింది నాన్నమ్మ తిట్ల వల్లే. అమ్మ కాస్త గొంతు లేపినా, కళ్లు తుడుచుకున్నా, "నాటకాలదాని కూతురివేగా" అనేది. మా ఇంట్లో అమ్మమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఎలా ఉండేదని నేనూ ఎప్పుడూ అడగలేదు.

"ఎట్టా నిలబడేదో చూస్తావా?" అంది అమ్మ.

నేను ఆ బొమ్మని ఫోటోలు తీస్తూ "ఊఁ" అన్నాను. వెనక హ్యాండ్‌బ్యాగ్ నేల మీద పెట్టిన చప్పుడు. ఆ వెంటనే రాగం. అమ్మకి అంత గొంతుందని నాకు తెలీదు. తలుపు దగ్గర ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నా చెవులు కాలిపోయాయి.

"అమ్మా! నాటకాలాపు!"

మాట నాన్నమ్మది, నోరు నాది. అంతటితో ఊరుకోకుండా పెద్దాయన వైపు తిరిగి "సారీ, సారీ" అన్నాను, మా అమ్మ ఏదో పగలగొట్టినట్టు.

ఆయన చప్పట్లు కొడుతున్నాడు. "వన్స్ మోర్, ప్లీజ్" అన్నాడు.

ఆ మాట అమ్మకి ఎవరూ అనువదించక్కర్లేదు. మొహం వెలిగింది. నా వైపు చూసింది, ఆరిపోయింది. బ్యాగ్ తీసుకుని, "మా అమ్మాయి ఆపమందిగా అండీ" అని ఆయనకి తెలుగులోనే చెప్పింది.

ఇంటికొచ్చాక ఫోటోలు చూసుకున్నాను. ఒకదాంట్లో ఫ్రేమ్ గాజు మీద అమ్మ నీడ కనిపించింది, చెయ్యి పైకెత్తి. మొహం ఉండాల్సిన చోట నా ఫోన్.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "నీ ఫోనే అడ్డమొచ్చిందే. పోన్లే, చెయ్యి పడింది. మా అమ్మ చెయ్యి అంత ఎత్తునే ఉండేది."

వన్స్‌మోర్ అనడానికి నాకు నోరు రాలేదు.