గీతకు అవతలి సగం

ఆ గిన్నె నా ముందు పెట్టగానే ముందు కాచిన నెయ్యి, తర్వాత బెల్లం, ఆ రెండింటి వెనక పల్చగా ఎండు కొబ్బరాకులు కాలిన పొగ వాసన వచ్చింది. ఊరి పెరట్లో ఉండవలసిన పొగ హైదరాబాదులో, చల్లటి ఏసీ గదిలో, పింగాణీ గిన్నెలోకి ఎలా వచ్చిందో నాకు తెలియలేదు.

కళ్లు చూపించుకోవడానికి నరసాపురం నుంచి ఒక్కదాన్నే వచ్చాను. డాక్టరుగారు మర్నాడు మళ్లీ రమ్మన్నారు. లాడ్జి గదిలో గోడలు చూస్తూ కూర్చోలేక సాయంత్రం నడకకి బయలుదేరితే, రెండు వీధుల అవతల, వాకిట్లో జనం నిలబడి ఉన్న ఈ హోటలు కనిపించింది. భోజనం కంటే తర్వాత తినే తీపి వంటలకే పేరుపడ్డ చోటట. “ఒక్కరేనా మేడమ్?” అని అడిగింది వడ్డించే అమ్మాయి. రిటైరైన పంతులమ్మని, ఎక్కడికెళ్లినా ఒక్కదాన్నే. అయినా ఆ మాట ఎవరైనా అడిగినప్పుడల్లా కొత్తగానే గుచ్చుకుంటుంది. సీతాఫలం ఐస్‌క్రీము తిన్నాను, తాటిబెల్లం కేకు తిన్నాను. రెండూ అద్భుతం. చుట్టూ అందరూ ఒకరి గిన్నెలో ఒకరు చెంచాలు పెట్టుకుంటూ తింటున్నారు. అంత మంచి రుచిని బాగుందని చెప్పుకోడానికి ఎదుటి కుర్చీలో మనిషి లేకపోతే నోరు తీపవుతుందేగానీ మనసు తీపవదు. సుగరు జబ్బు ఇంకా రాలేదు కదా, వచ్చేలోగా తినేద్దామని మూడోది కూడా చెప్పాను. కొబ్బరిపాలలో పూతరేకులు.

మా మేనత్త రూతమ్మది పూతరేకుల ఊరు ఆత్రేయపురం. మా అమ్మ పోయాక ప్రతి వేసవి సెలవులకీ నాన్న నన్ను అక్కడ దింపి వెళ్లేవారు. మామయ్య అప్పటికే లేరు, పిల్లలు లేరు, ఆ ఇంట్లో మేమిద్దరమే. వేసవిలో కాలువలు కట్టేసేవారు కాబట్టి, అడుగున బురద ఎండి నెర్రెలిచ్చిన కాలువలో దిగి ఆ వీధి పిల్లలతో నత్తగుల్లలు ఏరుకోవడం, చర్చి అరుగు మీద అచ్చంగిల్లాలాడటం, తాటిముంజలు బొటనవేలితో పొడిచి నీళ్లన్నీ గౌను మీద ఒలకబోసుకోవడం, ఎండ దిగాక ఒళ్లంతా చెమటకాయలతో ఇంటికి రావడం, ఇదీ నా దినచర్య. అత్తయ్య మాత్రం తెల్లారినప్పటినుంచి పెరటి పాకలో బోర్లించిన కుండ ముందే. కుండలో కొబ్బరాకులు భగ్గున మండుతుంటే, పల్చటి గుడ్డని నీళ్లలాంటి బియ్యప్పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్క లాగు లాగేది. రెప్పపాటులో పొర ఎండి అంచు లేచేది. దాన్ని వేళ్లు కాలుతున్నా చిరగకుండా ఒలిచి దొంతరలో పెట్టేది.

మంచి రేకులన్నీ చుట్టి అమ్మకానికి మిఠాయి కొట్టుకి వెళ్లేవి. విరిగినవి నాకు. అత్తయ్యకి ఏవీ లేవు. “నువ్వు తినవేంటి అత్తయ్యా?” అంటే, “పొద్దస్తమానం ఈ వాసనే పీలుస్తుంటే ఇంకా తినాలనేముంటుందే పిల్లా,” అనేది. నేను నమ్మాను.

నెయ్యీ బెల్లం వేసి చుట్టేముందు ఒక్కొక్క రేకునీ తడిగుడ్డతో అద్ది మెత్తబరచాలి, లేకపోతే మడతలోనే పొడైపోతుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఓ మధ్యాహ్నం అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడు, ఆవిడ వచ్చేసరికి పనంతా అయిపోయి ఉండాలని నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఒక్కొక్కటీ అద్దడమెందుకు, అన్నీ ఒకేసారి మెత్తబడతాయి కదా అని, బకెట్లో ముంచిన తువ్వాలు తీసుకెళ్లి దొంతర మొత్తం మీద కప్పేశాను.

అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చి తువ్వాలు ఎత్తింది. రోజంతా చేసిన రేకులు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయిపోయాయి. నేను తలుపు చాటుకి పోయాను. అత్తయ్య ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, “ఇలా రావే. ఇంక ఇవి కొట్టుకి పనికిరావు. మనవే,” అంది.

కొబ్బరి కోరి పాలు తీసింది, బెల్లం కరిగించింది, నెయ్యి వేసింది, ఆ ముద్దని విడదీసి అందులో వేసింది. ఒకే గిన్నె. ప్రార్థన చేసి, చెంచా అంచుతో మధ్యన గీత గీసి, “ఇటు నీది, అటు నాది,” అంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అత్తయ్యకి తీపంటే ప్రాణమని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. తెలిసి కూడా, నా సగం అయిపోగానే నా చెంచా గీత దాటింది. ఆవిడ తన చెంచా కింద పెట్టేసి, “నాకు చాల్లే, తిను,” అంది. తిన్నది రెండు మూడు చెంచాలు. మిగతాదంతా నేనే తినేశాను, అడుగు కూడా నాకాను.

ఉద్యోగం వచ్చాక ప్రతి క్రిస్మస్‌కీ పెద్ద పెద్ద స్వీటు డబ్బాలు పట్టుకెళ్లేదాన్ని. అప్పటికి ఆవిడకి సుగరు వచ్చేసింది. డబ్బా మూత తీసి వాసన చూసి, ఇరుగుపొరుగు పిల్లలకి పంచేసేది. ఇప్పుడు ఆవిడా లేదు, ఆ పాకా లేదు. ఆ స్థలంలో ఎవరో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. నన్ను పిల్లా అని పిలిచేవాళ్లు ఈ లోకంలో ఎవరూ మిగల్లేదు.

హోటలు గిన్నెలో చెంచా అంచుతో మధ్యన గీత గీశాను. పాలు కదా, గీత నిలవలేదు. నాకు మాత్రం కనిపిస్తూనే ఉంది. ఇవతలివైపుది నెమ్మదిగా తిన్నాను. అచ్చం ఆ రుచే. గీత దగ్గరకి వచ్చాక ఆగాను.

“నచ్చలేదా మేడమ్?” అంది ఆ అమ్మాయి, సగం గిన్నె చూసి.

“చాలా బాగుందమ్మా. ఆ సగం మా అత్తయ్యది.”

ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. “వస్తున్నారా మేడమ్? అయితే ఉంచమంటారా?”

“కాసేపు ఉంచమ్మా,” అన్నాను.

వాకిట్లో జనం ఇంకా బల్లల కోసం కాచుకునే ఉన్నారు. అయినా నేను లేవలేదు. అవతలి సగంలోని రేకులు మెత్తబడి, పాలలో పూర్తిగా మునిగిపోయేదాకా అలాగే కూర్చున్నాను.