చేనులో పండుకున్న మనిషి

మా ఊళ్లో మూడు దినాల పాటు నన్ను తండ్రిని చంపినవాడిగా చూశారు. నేను చంపలేదు. అంతకంటే ఘోరమే చేశాను: విత్తనపు వేరుశనగను చంపాను. అనంతపురం మెట్టలో ఈ రెంటిలో ఏది పెద్ద నేరమో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

డెబ్భైల నాటి మాట. నాకు ఇరవై ఏళ్లు, నా బుద్ధికి ఏడు. కణేకల్‌లో మా అక్క ఇంటి మిద్దెకు మన్ను వేయడానికి పోతూ నాయన చెప్పాడు:

"నేనొచ్చేదాకా ఇత్తే గొర్రు ముట్టుకోవద్దు. ఈ గింజలు పోతే ఇంగ ఈ ఏడాదికి మనకు సెనక్కాయ లేదు."

ఆయన పోయిన మూడోనాడే మృగశిర కార్తెలో ఒక వాన పడింది. వాన కొంచెం, నా కూత ఘనం. చేను నడుమ మట్టి తోడి చేయి దింపాను. మోచేతిదాకా తడి! పొరుగు చేను ఓబులేసన్న గట్టు మీద నుంచి అరిచాడు.

"ఏమప్పా, ఒక్క తావులోనే చూస్తివి? నాలుగు తావుల్లో పదును చూడు."

"అన్నం ఉడికిందా లేదా అని కుండంతా పిసుకుతామా అన్నా?"

ఉన్న గింజలన్నీ సాయంత్రానికి నేలలో కలిపేశాను.

ఆ తర్వాత వాన లేదు. గాలి ఒక్కటే, ఎర్ర దుమ్మును ఈడ్చుకుంటూ. పది దినాలకు చేను నడుమ మాత్రం మొలకలు లేచాయి. ఇంకో వారానికి అవి ఆకులు వేశాక గట్టెక్కి చూశాను.

ఎర్రనేల మీద పచ్చగా ఒక మనిషి. వెల్లకిలా పండుకుని, చేతులు చాచి, కాళ్లు ఎడంగా పెట్టి ఉన్నాడు. చుట్టూ ఒక్క మొలక లేదు.

పొద్దు వాలితే ఆకులు ముడుచుకుని వాడు బక్కచిక్కిపోయేవాడు. తెల్లారితే మళ్లీ ఒళ్లు విరుచుకునేవాడు. వేరుశనగ ఆకు గుణమే అదని నాకు తెలుసు. తెలిసినా, వాడు ఊపిరి తీస్తున్నట్టే ఉండేది.

ఓబులేసన్న చూసి, శవాన్ని చూసినట్టు తలగుడ్డ తీసేశాడు.

"మీ నాయన యాడికి పోయినాడు?"

"కణేకల్‌కు. మూడు వారాలాయె, కబురు లేదు."

"పోతాంటే ఎవురన్నా చూసినారా?"

"నేను చూసినా కదన్నా!"

"నువ్వు చూసినావులే. నా భయం కూడా అదే."

సాయంత్రానికి ఊరంతా గట్టు మీద చేరింది. చేనులోకి దిగినవాడు లేడు. "ఆ భుజాలు అచ్చం ఆయప్పవే" అన్నారెవరో. నాయనను గడపదాకా సాగనంపిన మా అమ్మ కూడా నన్ను పక్కకు లాగింది.

"నిజం చెప్పురా, మీ నాయన్ని ఏమన్నా చేసినావా?"

చివరికి నాకే అనుమానం వచ్చింది. నాయన కణేకల్‌లోనే చనిపోయి, గింజల మీద ప్రాణం కొట్టుకుంటూ వచ్చి ఇక్కడ పండుకోలేదు కదా!

మూడో దినం పొద్దు గుంకే వేళ ఆకులు ముడుచుకుంటున్నాయి. దుమ్ములోనుంచి ఒక ఆకారం వచ్చి ఆ పచ్చని మనిషి తల దగ్గర నిలబడింది. గోతిలోనుంచి లేచినట్టు ఒళ్లంతా మన్ను. జనం చెప్పులు వదిలి పరుగెత్తారు. నేనొక్కణ్నే మిగిలాను.

"ఎవుర్రా గొర్రు కట్టింది?"

ఇది దయ్యమే అయ్యుండాలని ఊళ్లోని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అయితే అది నాయనే.

ఆయన వంగి పిడికెడు మట్టి తీశాడు. "ఈడ వాన నీళ్లు పారే పాత వంక, దాంట్లో కలిసే పిల్ల వంకలూ ఉండె. మీ తాత పూడ్చినాడు. తడి ఆ పూడికలోనే నిలుస్తాది, ఈని ఒళ్లూ కాళ్లూ చేతులూ అవే. నువ్వు చెయ్యి పెట్టింది సరిగ్గా ఈని బొడ్డులో! మిగతా చేనంతా జానెడు కింద పెనం మాదిరి కాలతాండాది. గింజలు ఉబ్బి, మాడి చచ్చినాయి."

పుష్యమి కార్తెలో మంచి వాన పడి అందరి గొర్రులూ కదిలాయి. మాకు గింజ లేదు. అదును దాటాక ఉలవలు చల్లుకున్నాం. ఆ ఏడు మా చేనులో వేరుశనగ కాసింది ఆ మనిషి ఒంటి మీదే. పీకేరోజు నాయన నన్ను ముందుకు తోశాడు.

"ముందర ఈని కాళ్లు పట్టుకోని తప్పైందని చెప్పు. తర్వాత పీకు."

పట్టుకున్నాను. చెప్పాను. పీకాను. కడుపు నిండా కాయలున్నది వాడికొక్కడికే. మేము ఏడాదంతా ఉలవచారు తాగాం.

కాబట్టి భూమి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మృగశిరలో సముద్రమే వచ్చి పడినా, నాలుగు మూలలా మోచేతిదాకా చేయి దించందే విత్తను. నాయన బతికే ఉన్నాడని నలుగురి చేత చెప్పించందే ఎద్దుల మెడ మీద కాడి పెట్టను.