ఒకే పెట్టెలో ఇద్దరి ఉత్తరాలు

కోరుట్ల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే, అఫ్సర్ కళ్లద్దాలు తుడిచే పద్ధతికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. కోపం వచ్చిందంటే ముందు ఎడమ అద్దం, తరువాత కుడి అద్దం చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, పెట్టుకున్నాకే అరుస్తాడు. ఒక్క సర్వర్ మీద పద్నాలుగు దుకాణాల ఈమెయిళ్లు నడిపేవాడికి ఆ అవసరం రోజుకు నాలుగుసార్లు పడుతుంది.

ఆ మధ్యాహ్నం ప్రవళిక తలుపు తోసుకుని వచ్చింది. ఆమె ఎల్లారెడ్డిపేటలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టిస్తుంది. "ఏంది అఫ్సర్ భాయ్! బడోళ్లు ఆర్డర్ పంపి వారమైందట, నాకు రాలే. అయిదింటి దాంక ఒప్పుకోకుంటే ఇంకొకలకు ఇస్తరట!" అఫ్సర్ అద్దాలు తుడుచుకుని సర్వర్‌లో వెతికాడు. ఆమె, సిరిసిల్లలో అదే పని చేసే షోయబ్, ఇద్దరూ తమ ఈమెయిల్ చిరునామాకు 'ఇన్ఫో' అనే పేరే కోరారు. అఫ్సర్ దుకాణం పేరు కలపకుండా ఉత్త 'ఇన్ఫో' అని రాసిపెట్టినందున, ఇద్దరి ఉత్తరాలూ షోయబ్ పెట్టెలోనే పడుతున్నాయి. "అందరికీ గా ఇన్ఫోనే గావాలె! నీ పేరు వెట్టుకుంటె ఏం వోయింది?" అని అరిచాడు. "తప్పు నువ్వు జేసి నన్నంటవా? గా ఉత్తరంల నా రేటంత ఉన్నది. షోయబ్ సదివి తక్కువకు అడిగితె నా మిషన్లు మూసుకునుడే!" అఫ్సర్ బల్ల గుద్ది, తప్పు దిద్ది, ఉత్తరాన్ని ఆమె పెట్టెకు మళ్లించాడు. నాలుగుంబావుకు ఆమె ఆర్డర్ ఒప్పుకుంటూ బడికి జవాబు పంపింది. వెంటనే అఫ్సర్ షోయబ్‌కు ఫోన్ చేసి, పరాయి ఉత్తరాలు ఎన్ని చదివావని నిలదీశాడు. "ఏ ఉత్తరాలు భాయ్?" అన్నాడు షోయబ్. పెట్టించుకుని రెండేళ్లయినా అతను ఆ పెట్టెను ఒక్కసారీ తెరవలేదు.