దేవుని ముంత ఖాళీ అయిన నెల

మా చిన్నప్పుడు... కోడి కూయకముందే అమ్మ విసుర్రాయి దగ్గర కూర్చునేది. గుప్పెటతో జొన్నలు పోస్తూ "ఊఁ, సదువు" అనేది. నేను బుడ్డిదీపం ముందు బైబిలు తెరిచి పైకి చదివేదాన్ని. అమ్మకు చదువు రాదు. నాకు అయిదో తరగతి... కళ్ళు మూతలు పడుతున్నా గొంతు మాత్రం పెగలాలి.

ఆదోని నుంచి ఆస్పరి పోయే దారిలో మా ఊరు. నాన్న ఆదోనిలో పత్తి మిల్లు పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. అమ్మ చేలల్లో కూలికి పోయేది.

మా ఇంట్లో వాక్యధ్యానం ఎలా ఉండేదంటే... నేను చదువుతుంటే రాయి తిరుగుతూ ఉండేది. ఏదో ఒక మాట దగ్గర టక్కున ఆగేది. "మల్లా సదువు" అనేది అమ్మ. ఆ రోజుకు ఇక అదే మా మాట. అమ్మ దాన్ని పత్తి చేనుకు తీసుకుపోయేది, నేను బడికి. రాత్రి సంగటి ముద్ద ముందు "ఈ పొద్దు ఆ మాటతో ఏం జేస్తివి?" అని అడిగేది. ఏమీ చేయలేదని చెబితే ఒక చూపు చూసేది చూడండి... దాని కంటే దెబ్బలే నయం.

ఇంకో అలవాటు కూడా ఉండేది. విసరబోయే ముందు పిడికెడు జొన్నలు తీసి గూట్లోని ముంతలో వేసేది. అది దేవుని ముంత. మా పేటలో ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ ఉండేది. నెలాఖరు ఆదివారం ఆ ముంతలన్నీ చర్చిలో గుమ్మరించేవాళ్ళు. పాస్టరయ్య ఇల్లు గడిచేది ఆ గింజలతోనే. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆ ముంతలో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

డెబ్బైల చివర్లో ఒక ఏడు వానల్లేవు. మా గోడ అవతల హుసేన్‌బీ పెద్దమ్మ వాళ్ళ ఇల్లు. ఆమె భర్త దూదేకి పరుపులు కుట్టేవాడు. కరువులో పరుపులు ఎవరు కుట్టించుకుంటారు? పైగా ఆయన జ్వరంతో మంచం పట్టాడు. వాళ్ళ పొయ్యి నుంచి పొగ రావడమే ఆగిపోయింది.

ఆ పొద్దున నేను చదివింది, ఆకలిగా ఉన్నవాళ్ళకు పెడితే తనకు పెట్టినట్టే అని ప్రభువు చెప్పే చోటు. రాయి ఆగింది. "మల్లా సదువు" అంటుందని చూశాను. అనలేదు. లేచి గూట్లోంచి దేవుని ముంత దించింది.

నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. "అమ్మా! అది దేవునిది!"

"దేవునిదే లేవే. ఆయప్ప పక్కింట్లో పస్తుండాడని ఇప్పుడే సదివితివి గదా!"

ముంత చంకన పెట్టుకుని గోడ దాటి పోయింది.

నెలాఖరు వచ్చింది. చర్చిలో అందరూ గింజలు పోస్తున్నారు. అమ్మ చేతులు ఖాళీ. సంఘ పెద్ద దేవదానం తాత... అమ్మకు స్వయానా మేనమామ... చూడనే చూశాడు.

"సుగుణా, మీ ముంత యాడ?"

"హుసేన్‌బీ అక్క ఇంట్లో పొయ్యి ఎలగల్యా మామా. ఆడ పోసినా."

చర్చి అంతా గుసగుసలు. "దేవుని గింజలు తీసకపోయి బయటోళ్ళకా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"మరి పాస్టరయ్య పిల్లోళ్ళు ఏం తినాలమ్మా? ఎవురికి తోసినట్ల వాళ్ళు పంచుకుంటా పోతే సంఘం ఎట్ల నిలబడ్తాది?" అన్నాడు తాత. "తప్పయిందని ఒక మాట సెప్పు. ఆడికి వదిలేస్తాం."

ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. అయినా అమ్మ ఒప్పుకోలేదు.

"తప్పు జేసింటే సెప్తా మామా. సెయ్యల్యా."

"అయితే సెప్పేదంక నీకు బల్ల లేదు."

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకోసారి ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. అమ్మకు క్రిస్మస్ కంటే అదే పెద్ద పండగ. దాన్నే తీసేశారు.

మర్నాటి నుంచి అమ్మ మళ్ళీ పిడికెడు తీసి ముంతలో వేయడం మొదలుపెట్టింది. నెలాఖరుకు నిండు ముంత తీసుకుపోయి గుమ్మరించింది. గింజలు తీసుకున్నారు... మనిషికి మాత్రం రొట్టె లేదు! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలాగని అమ్మ బల్ల ఆదివారం మానేసిందా? లేదు. ఉతికిన తెల్లచీర కట్టి ఆడవాళ్ళ వరసలో అందరికంటే ముందు కూర్చుంది. రొట్టె పళ్ళెం ఆమెను దాటి పక్కకు పోయింది. అమ్మ తల దించలేదు. నాకే పక్కన తల కొట్టేసినట్టయింది. ఇంటికొస్తూ ఏడ్చాను.

"ఒక్క మాటే గదమ్మా! సెప్పేస్తే పోతాది గదా..."

"ఆ మాట సెప్తే, రేపు పొద్దున నువ్వు సదివేది నేను యా మొగం పెట్టుకోని వినాల పాపా?"

నెలనెలా అదే జరిగింది. ముందు వరస, తెల్లచీర, దాటిపోయే పళ్ళెం...

కానీ ఈలోపు చర్చికి వచ్చే ముంతలు తేలికవుతూ వచ్చాయి. ఏ ఆడమనిషీ నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. పేట చుట్టుపక్కల పస్తులున్న ఇళ్ళలో మాత్రం పొయ్యిలు వెలుగుతున్నాయి. ఒక నెల దేవదానం తాత భార్య మార్తమ్మ అవ్వే సగం ముంత తెచ్చింది.

"సగం యాడికి పోయినాయే?" అన్నాడు తాత, అందరి ముందూ.

"సుగుణను అడిగినట్ల నన్నూ అడుగు. బల్ల కాడ నన్నూ దాటుకోని పో. ఇంటికొచ్చినాక నీకు సంగటి ఎవురు పెడ్తారో సూస్తా!"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది పాస్టరమ్మే.

తర్వాతి బల్ల నాడు పళ్ళెం అమ్మ ముందు ఆగింది. తాత ఏమీ అడగలేదు. అమ్మ ఏమీ చెప్పలేదు. రొట్టె తీసుకుంది. 'తప్పయింది' అన్న మాట మాత్రం ప్రాణం ఉన్నంతవరకు ఆమె నోట రాలేదు.

ఇప్పుడు పొద్దున లేస్తే ఫోన్ నిండా వాక్యాలే... గులాబీల మీద, సూర్యోదయాల మీద. ఒక ఆమెన్ కొట్టి కిందికి జరుపుతాం. ఏ వాక్యమూ మనల్ని కూర్చున్న చోటి నుంచి లేపడం లేదు.

స్త్రీల కూడికలకు పోతే ఎప్పుడూ అణకువగల భార్యలు, లోబడే తల్లులు... వినీ వినీ విసుగొచ్చింది నాకు. అందుకే ఈరోజు దేవుని మాట విని మనుషుల మాట వినని ఒక కూలి మనిషి గురించి రాశాను. ఆమె పేరు సుగుణమ్మ. ఎవరూ 'తప్పయింది' అనిపించలేకపోయిన మీ అమ్మల, అవ్వల పేర్లు కింద రాయండి... దాచుకోకండి.