పిట్ట కోసం నిలబడ్డ జనం

తేదీలు రాసుకునే అలవాటు ఉన్నవారికి మనుషుల మీద గౌరవం త్వరగా తగ్గుతుంది. విమానం కనిపించకుండా పోయిన మరునాటి నుంచి బోధన్‌లోని మా చెల్లె ఇంటికి ఎవరు వచ్చి ఏమన్నారో నేను రాసి పెట్టుకున్నాను. ఎదురింటి ఎరువుల దుకాణదారు హోలీకి ముందు, "పైలటే ఎటో ఎత్తుకపోయిండు" అన్నాడు. ఉగాది వెళ్లేసరికి అదే మనిషి, అదే కుర్చీలో, అంతే నమ్మకంగా, విమానం నిండా బంగారం ఉందనీ, మనుషులతో సహా దాన్ని ఒక దీవిలో దింపుకున్నారనీ చెప్పాడు. మరి పైలటు సంగతేమిటని అడిగాను.

"గది వేరే వీడియో, టీచరమ్మా" అన్నాడు.

మా చెల్లె భర్త చక్కెర పాకం వండే పనివాడు. ఇక్కడి ఫ్యాక్టరీ మూతబడ్డాక సముద్రం అవతల ఒక మిల్లులో చేరాడు. సెలవు మీద ఇంటికి వస్తూ ఆ విమానం ఎక్కాడు. ఎవరికైనా నిజంగా తెలిసింది ఇంతే. మిగిలినదంతా జనం తమ తీరిక కొద్దీ అల్లుకున్నది.

నేను కంఠేశ్వర్‌లో ఉంటాను, మాక్లూర్ బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారాలు బోధన్ బస్సు ఎక్కేదాన్ని. బస్సులో అదే చర్చ. పంటినొప్పికి ఆసుపత్రికి వెళితే, నేను నోరు తెరిచి ఉండగా కాంపౌండరు అడిగాడు: "మేడం, మీ మరిది ఫోను ఇంకా మోగుతుందట గదా?"

ఆ ఫోను ఆట అన్నిటికన్నా నీచమైనది. పలకరింపుకు వచ్చినవాళ్లు అతని నంబరు అడిగి తీసుకుని, అక్కడే కొట్టి, స్పీకరు పెట్టేవాళ్లు.

"రింగైతుంది, రింగైతుంది! నీళ్లల్ల మునిగిన ఫోను మోగుతదా, నువ్వే చెప్పు?"

మా చెల్లె పిండి అంటిన చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. కాసేపటికి శబ్దం ఆగిపోయేది. అవతలి ఫోను పనిచేయకపోయినా కొట్టినవాడి చెవిలో ఒక్కోసారి రింగు వినిపిస్తుందని నేను ఓపికగా వివరించేదాన్ని. ఎవరూ వినలేదు. వాళ్ల మొహాల్లో బాధ లేదు. వీధిలో తీన్మార్ డప్పుల ఆట చూసి ఇంటికి పోయేవాళ్ల తృప్తి ఉంది.

ఈ మాటలన్నీ వెళ్లి చెల్లె అత్త తలలో గూడు కట్టుకున్నాయి. కొడుకు దీవిలో ఉన్నాడని ఆమె నమ్మింది. పూటపూటకూ కొడుకు వంతు అన్నం పక్కకు తీయించేది. ఎవరూ బతికి ఉండే అవకాశం లేదని విమాన సంస్థ ప్రకటించాక కూడా కర్మ జరగనివ్వలేదు. చెల్లె కంట నీరు పెడితే, "బతికున్నోనికి ఏడుస్తవా? నీ నోట్ల మన్ను వడ" అని తిట్టేది. మా చెల్లెకు భర్త లేడు. లేడని ఏడ్చే హక్కూ లేదు. నెలల తరబడి అలాగే తిరిగింది.

వానలు వెనకబట్టాక కులపెద్దలు చెప్పగా చెప్పగా అత్త ఒక షరతు మీద ఒప్పుకుంది. "పిట్ట ముడితే నా కొడుకు లేడు. ముట్టకుంటే ఉన్నడు. గంతే."

శవం దొరకని మనిషికి మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేస్తారు. చెల్లె భర్త బొమ్మకు అతని తమ్ముడు నిప్పు పెట్టాడు. మూడోనాడు కాలువ గట్టు మీద విస్తరి వేసి అతనికి ఇష్టమైన కోడికూర, గారెలు వడ్డించాము. పిట్ట అంటే కాకి; అది వచ్చి ముట్టుకుంటే పోయినవాడు తృప్తి పడ్డాడని అర్థం. అంతదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు.

మామూలుగా ఆ చోటికి ఇంటివాళ్లే వెళతారు. ఆ రోజు పిలవని జనం విస్తరి చుట్టూ ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు.

"వస్తదంటవా?"

"యాడికెల్లి వస్తది? ఉన్నోనికి పెడితే పిట్టెట్ల ముడుతది?"

"జర జరుగన్నా, వీడియోల నీ బట్టతలనే పడుతుంది."

కాకులు లేక కాదు. కరెంటు తీగ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఒకటి రెక్కలు విప్పి కిందికి దిగబోయేది. "అగో, అగో!" అని కేక లేచేది. అది తిరిగి తీగెక్కేది. ఎండ ముదిరింది. అన్నం మీద ఈగలు చేరాయి. ఎరువుల దుకాణదారు తన ఫోనులోకి తానే చూసుకుంటూ చెప్పాడు: "సూస్తున్నరు గదా, కాకి దిగుతలేదు. గిప్పుడు చెప్పుండ్రి, దీవి ముచ్చట అబద్ధమా?"

అత్త మొహం వెలిగిపోయింది. "నా కొడుకున్నడు!" అంది.

చెల్లె తీగ వైపు చూసింది. తర్వాత జనం వైపు చూసింది.

"పోండ్రి ఇక్కడికెల్లి" అంది.

"నీ మంచికే గద, వదినె..."

"అన్నా, గింతమంది మీద వడి సూస్తే నువ్వన్న అన్నం తింటవా? కాకెట్ల తింటది? పోండ్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుపడి వెళ్లారని రాయలేను. వాళ్లకు కావలసిన వీడియో దొరికింది, ఎండ కూడా మాడుస్తోంది, అందుకే వెళ్లారు.

అత్త, చెల్లె, ఆమె మరిది, నేను, నలుగురమే మిగిలాము. చెల్లె అత్త చెయ్యి పట్టుకుని దూరంగా తుమ్మచెట్టు చాటుకు తీసుకెళ్లింది, మేమిద్దరం వెనకే వెళ్లాము. ఎక్కువసేపు పట్టలేదు. మొదటి కాకి కోడిముక్క లాక్కుంది. రెండోది గారె మీద వాలింది.

అత్త చాలాసేపు చూసింది. "ముట్టింది" అని ఆమే అంది. అక్కడే మట్టిలో కూలబడి, గుండెలు బాదుకుంటూ కొడుకును పేరు పెట్టి పిలిచింది. చెల్లె పక్కన కూర్చుని గొంతెత్తి ఏడ్చింది. విమానం పోయినప్పటి నుంచి ఆమె గొంతెత్తి ఏడవడం నేను విన్నది అప్పుడే.

ఇంటికి చేరేసరికి నా ఫోనులో వీడియో ఉంది. ఇందల్వాయిలో పనిచేసే తోటి టీచరు పంపింది. కింద పెద్ద అక్షరాలు: 'కాకి ముట్టలేదు. అసలు నిజం ఇదే.' నిజమేనా మేడం అని ఆమె ప్రశ్న. నాకు ఒళ్లు మండింది. జరిగింది జరిగినట్టు, ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో సహా రాశాను. పంపే ముందు చెల్లెకు చూపించాను.

"వద్దక్కా" అంది. "కాకి ముట్టిందంటే, గది అసలు కాకేనా అంటరు. మళ్ల ఇంటికొస్తరు."

రాసినదంతా చెరిపేశాను. చెల్లె కాళ్లు కడుక్కుని, అత్తకు పళ్లెంలో అన్నం పెట్టి, తన పళ్లెం కూడా పక్కనే పెట్టుకుంది. కొడుకు వంతు పక్కకు తీయమని అత్త అడగలేదు.